గోండీ రచయితలకు వేరే పంక్తి ఎందుకు?

కొండగాలి:
గోండీ, కోయ, కువి లాంటి ఆదివాసీ భాషల్లో రాసేవారికి కేంద్ర సాహిత్య అకాడమీ ఏటా ఇచ్చే అవార్డు రాదు. అది 24 భాషలకే. మిగతా వాటికోసం 1996 నుంచి భాషా సమ్మాన్ అనే పురస్కారం ఉంది. అది చాలా, లేక అసలు అవార్డులోకే ఈ భాషల్ని తీసుకోవాలా?

పాతపుస్తకం:
భాషా సమ్మాన్ చాలు. అందులోనూ లక్ష రూపాయలే, ఇందులోనూ లక్షే. గోండీ నాలుగైదు రాష్ట్రాల్లో ఉంది, ఒకచోటి మాట ఇంకోచోట సరిగా అర్థం కాదు. ఒకరు దేవనాగరిలో రాస్తారు, ఒకరు తెలుగు లిపిలో. చదివి తూచే జడ్జీలెవరు? పైగా రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అంటే ఎనిమిదో షెడ్యూల్లో లేని భాషకు అకాడమీ మాత్రం ఏం చేస్తుంది?

వెన్నెలదారి:
పాతపుస్తకం గారూ, ముందు షెడ్యూలు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషు అందులో లేదు. రాజస్థానీ లేదు. రెండింటికీ అకాడమీ ఏటా అవార్డు ఇస్తోంది. షెడ్యూల్లోని 22కి ఈ రెండూ కలిపితేనే ఆ 24. అంటే ఇది అకాడమీ చేతిలో ఉన్న పనే.

2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవారు 29 లక్షల పైచిలుకు, బోడో వాళ్లు 15 లక్షల లోపు. బోడోకు అవార్డు ఉంది, ఉండాలి కూడా. గోండీకి ఎందుకు లేదు?

డబ్బు సమానమే. కానీ భాషా సమ్మాన్ ఒక పుస్తకానికి ఇచ్చేది కాదు. ఏళ్ల తరబడి భాషకు సేవ చేసినవారికి, పాటలూ కథలూ సేకరించినవారికి ఇస్తారు. వాళ్లకు దక్కాల్సిందే. మరి పాతికేళ్ల అమ్మాయి గోండీలో మొదటి కవితల పుస్తకం వేసుకుంటే దాన్ని ఎవరు చూస్తారు? 35 ఏళ్లలోపు వాళ్లకిచ్చే యువ పురస్కార్ కూడా ఆ 24 భాషలకే. అవే కవితలు తెలుగులో రాస్తే రెండింటికీ అర్హురాలు. తల్లి నేర్పిన భాషలో రాసినందుకు జుట్టు నెరిసేదాకా ఆగాలి. నాకు కడుపు మండేది ఇక్కడే.

లిపి ఇబ్బంది నిజమే. ఆదిలాబాద్ వైపు గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి కూడా గోండీకి ఉంది. సంతాలీని చూడండి. సొంత లిపి ఓల్ చికీ, బెంగాలీ, దేవనాగరి, ఒడియా, రోమన్, ఇన్నిట్లో రాశారు. అయినా 2003 రాజ్యాంగ సవరణతో షెడ్యూల్లో చేరింది, 2005లో అవార్డూ మొదలైంది.

జడ్జీల విషయంలో ఒక్కటే నా పట్టుదల. తెలుగు అనువాదమో హిందీ అనువాదమో చదివి మార్కులేస్తే బహుమతి అనువాదకుడికి ఇచ్చినట్టే. ఆ భాష ఇంట్లో మాట్లాడే ముగ్గుర్ని కూర్చోబెట్టాలి, ఉట్నూరు వైపు నుంచి ఒకరు, గడ్చిరోలి, బస్తర్ నుంచి ఒక్కొక్కరు. పుస్తకంతో పాటు రచయిత గొంతుతో చదివిన రికార్డింగూ తీసుకోవాలి. లిపి రాకపోయినా చెవికి అందుతుంది.

పాతపుస్తకం:
రికార్డింగ్ ఆలోచన బాగుంది. కానీ ఆ ఏడాది రెండు మూడు పుస్తకాలే వస్తే? పోటీ లేని అవార్డు రచయితకే మచ్చ.

వెన్నెలదారి:
నచ్చినది లేకపోతే ఆ ఏడు ఎవరికీ ఇవ్వొద్దు. తెలుగులోనే అవార్డు ఇవ్వని ఏళ్లు ఉన్నాయి, అయినా తెలుగును జాబితాలోంచి తీసేయలేదుగా.