తిరుపతి సైకిలు సాతారా నల్లరాతి దారులకు తట్టుకుంటుందా?

ప్రశ్న: చంద్రగిరి చుట్టుపక్కల మట్టిదారుల్లో 38 మి.మీ. టైర్లు, లోపల ట్యూబు, 50 పీఎస్ఐ గాలితో తొక్కుతున్నా. అక్టోబరు ఆఖర్లో మహారాష్ట్రలోని సాతారా నుంచి కాస్ పీఠభూమి మీదుగా బామ్నోలి వెళ్దామని. ఇదే బండి చాలునా అన్నా?

జవాబు 1: బండి సరే, టైర్లు మార్చు తమ్ముడూ. మన గ్రానైటు అరిగి గరుకు ఇసుకవుతుంది. అందులో టైరు జారుతుందే గానీ తెగదు. అక్కడిది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా, బసాల్టు. కొట్టి పరిచిన కంకర అంచులకు టైరు పక్కగోడ చీలుతుంది. 42 లేదా 45 మి.మీ. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైర్లు వెయ్యి. 70 కిలోల మనిషైతే ముందు చక్రానికి 32, వెనక 35 పీఎస్ఐతో మొదలుపెట్టు. రిమ్ము రాయికి టక్కున తగిలితే రెండు పెంచు. చిల్లులు పూడ్చే ద్రవం, అంటే సీలెంటు, చక్రానికి 60 మి.లీ. మన ఎండకు అది రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది. చక్రాన్ని చెవి దగ్గర ఊపు, గలగల వినబడకపోతే లేనట్టే.

జవాబు 2: చీలిక పెద్దదైతే సీలెంటు ఆపదు. లోపలివైపు పాత టైరు ముక్క పెట్టి ట్యూబు వేసుకో. వేసేముందు లోపలంతా గుడ్డతో తడుము. ఇక్కడ గుచ్చుకున్న సర్కారు తుమ్మ ముల్లు సీలెంటులో దాక్కుని, కొత్త ట్యూబును నిమిషంలో పొడిచేస్తుంది.

జవాబు 3: వాన పడితే కింద నల్లరేగడి దారుల్లోకి దిగొద్దు. మట్టి ఫ్రేముకీ టైరుకీ మధ్య ముద్దకడుతుంది. బలవంతంగా తొక్కావా, గేర్లు మార్చే డిరేలర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ పుటుక్కు! ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, అక్కడ దొరకదు. ఒకటి వెంట ఉంచుకో. కాస్ పైన ఎర్రని లాటరైటు రాయి మీద మట్టి పొర చాలా పలచన, రోడ్డు వదిలి పూలమీదికి పోవద్దు.