గాలియం ఐదు గంటలైనా గడ్డకట్టట్లేదు, మోసపోయానా?

కృష్ణలంక నాన్న (సాయంత్రం 4:10)
గాలియం అనే లోహం వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. పొద్దున పదకొండు నుంచి దీనితోనే కుస్తీ. ఎల్లుండి మా పాప సమ్మర్ క్యాంప్ ఆఖరి రోజు. వేడి టీలో పెడితే కరిగిపోయే స్పూన్ చేసి చూపిస్తానని అక్కడ అందరికీ చెప్పేసింది. ఆన్‌లైన్‌లో 50 గ్రాములు తెప్పించాను. 30 డిగ్రీలకు కరుగుతుంది, చల్లారితే గడ్డకడుతుంది అని ప్రతి వీడియోలోనూ చెప్తారు. నాకు మాత్రం వచ్చిందే నీళ్లలా వచ్చింది. గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఐదు గంటలైంది, కదిపితే ఇంకా పాలలా ఊగుతోంది. పక్కనున్న మంచినీళ్ల సీసా పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది, ఇదొక్కటే మొండికేసింది. పాదరసం ఏమైనా అంటగట్టారా? పైన నల్లటి మడ్డి కూడా తేలుతోంది. ఇంట్లో అప్పుడే సాధింపులు మొదలయ్యాయి.

ముక్కుసూటి (4:14)
ఏ గిన్నె?

రిటైర్డ్ మాస్టారు (4:31)
నాయనా, పాప ఈ లోహాన్ని ఎంచుకున్నందుకు ముందు అభినందనలు. స్పూన్ కరిగించి చప్పట్లు కొట్టించుకుంటే సరిపోదు, దీని కథ కూడా చెప్పించండి. 1871లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ తన ఆవర్తన పట్టికలో అల్యూమినియం కింద గడి ఖాళీగా వదిలి, అక్కడ ఉండాల్సిన మూలకానికి "ఏక-అల్యూమినియం" అని పేరు పెట్టాడు. ఆ "ఏక" మన సంస్కృతం ఏకమే. దాని సాంద్రత నీటికి 5.9 రెట్లు ఉంటుందని, తేలిగ్గా కరుగుతుందని ముందే రాసేశాడు. నాలుగేళ్ల తర్వాత, 1875లో, లెకోక్ ద బ్వాబొద్రాన్ అనే ఫ్రెంచి ఆయన పిరనీస్ కొండల్లో దొరికిన జింకు ఖనిజం నుంచి వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి, అందులో రెండు కొత్త ఊదా గీతలు చూసి దీన్ని పట్టుకున్నాడు. సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది. మెండలీవ్ ఏమన్నాడో తెలుసా? మీ లోహం శుద్ధంగా లేదు, మళ్లీ కొలవండి అన్నాడు. ఆ లోహాన్ని కంటితో కూడా చూడని మనిషి! శుద్ధి చేసి మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ఘట్టం దగ్గర క్లాసులో ఒక్కడు కూడా నిద్రపోయేవాడు కాదు.

ఊసుపోక (4:36)
మాస్టారూ, గాలియం అంటే గాలిలోంచి తీస్తారా? సీరియస్‌గానే అడుగుతున్నా.

రిటైర్డ్ మాస్టారు (4:49)
గాలికీ దీనికీ సంబంధం లేదు బాబూ. ఫ్రాన్స్ పాత పేరు గాలియా, దాన్నుంచి వచ్చింది. లాటిన్‌లో గాలస్ అంటే కోడిపుంజు, ఫ్రెంచిలో ల కోక్ అన్నా కోడిపుంజే. అందుకని ఆయన దొంగచాటుగా తన పేరే పెట్టుకున్నాడని గిట్టనివాళ్లు అన్నారు. అదేం కాదని 1877లో ఆయనే రాసుకున్నాడు.

కృష్ణలంక నాన్న (4:55)
మాస్టారూ, పాపకు తప్పకుండా చెప్తాను. కానీ ముందు గడ్డకట్టాలి కదండీ. @ముక్కుసూటి, మామూలు గిన్నేనండీ, ఇంట్లోదే.

చిప్‌సెట్ (5:02)
స్పూన్లు, టీ ఆటలు వదిలేయండి బ్రో. గాలియం అసలు విలువ వేరే చోట ఉంది. మీ ఫోన్ ఛార్జర్ అరచేతిలో పట్టేంత చిన్నదై 65 వాట్లు ఇస్తోందంటే అందులో ఉన్నది గాలియం నైట్రైడ్. ఇంట్లో తెల్లని ఎల్ఈడీ బల్బు వెలుగుతోందంటే అదీ దీని పుణ్యమే. ఆ తెల్లని వెలుగుకు మూలం నీలి ఎల్ఈడీ, దాన్ని తయారుచేసిన ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది. ప్రపంచంలో ముడి గాలియం దాదాపు 98 శాతం చైనాదే. 2023 ఆగస్టు నుంచి లైసెన్సు లేనిదే ఎగుమతి చేయనివ్వట్లేదు. దీనికంటూ గనులు ఉండవు. బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా తీసేటప్పుడు ఆ ద్రావణంలో కొంచెం కొంచెం పోగవుతుంది, ఓపిక ఉన్నవాడు తీసుకుంటాడు. మన పక్కనే ఒడిశాలోని దామన్‌జోడిలో అల్యూమినా తీసి వైజాగ్ పోర్టు నుంచి ఓడలకెత్తుతున్నారు. మనం దీని గురించి ఎప్పుడు ఆలోచిస్తాం?

ముక్కుసూటి (5:03)
ఆయన అడిగింది ఫ్రిజ్ గురించి.

ల్యాబ్ అక్క (5:20)
అన్నా, కంగారు పడకండి. ముందు అది పాదరసమో కాదో తేల్చుకుందాం. సూది లేని ప్లాస్టిక్ సిరంజిలోకి మొత్తం లాగి చూడండి. 50 గ్రాముల గాలియం అయితే 8 ఎం.ఎల్. పైచిలుకు వస్తుంది. పాదరసం దానికి రెట్టింపు కంటే బరువు, నాలుగు ఎం.ఎల్. కూడా రాదు. ఇంకో గుర్తు: గాలియం గాజుకూ చేతికీ అంటుకుని అద్దంలా మరక చేస్తుంది, పాదరసం తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, ఉంగరం తీసి పక్కన పెట్టండి.

ఇక గడ్డకట్టకపోవడం. ఇది గాలియానికి పుట్టుబుద్ధి. 29.76 డిగ్రీల దగ్గర కరగడం మాత్రం ఠంచనుగా కరుగుతుంది, గడ్డకట్టడానికి మాత్రం సవాలక్ష వంకలు పెడుతుంది. శుద్ధమైనదైతే సున్నా కిందికి వెళ్లినా ద్రవంగానే ఉండిపోగలదు. మొదటి స్ఫటికం ఎక్కడో ఒకచోట పుట్టాలి. పాలలో ఎంతసేపు కవ్వం ఆడించినా తోడు వేయందే పెరుగవ్వదు కదా, అలాగన్నమాట. గట్టి గాలియం ముక్క ఆవగింజంత తగిలించండి, కళ్లముందే గీతలు గీతలుగా గడ్డకట్టుకుంటూ పోతుంది. చలికాలంలో అయితే సీసా మూత దగ్గర కాస్త కరగకుండా మిగిలి అదే తోడు అవుతుంది. మే నెలలో బెజవాడకు కొరియర్‌లో వచ్చినదానిలో ఆ కాస్తా కూడా కరిగిపోయి ఉంటుంది.

పదసంపద (5:28)
"సూపర్‌కూలింగ్" అనకుండా చక్కగా తోడు అన్నారు, సంతోషం. అతిశీతలీకరణ అని మంచి మాట కూడా ఉంది.

చిప్‌సెట్ (5:30)
అతిశీతలీకరణ అంటే ఐస్‌క్రీమ్ బండి గుర్తొస్తోంది.

కృష్ణలంక నాన్న (5:52)
అక్కా, సిరంజిలో 7.5 వచ్చింది. అంటే పాదరసం కాదు, హమ్మయ్య. మిగతాది గిన్నెకే అంటుకుపోయింది, స్పూన్‌తో ఎంత గీకినా రాలేదు. ఇంకో వింత, గిన్నె అడుగు బయటివైపు కూడా చెమర్చినట్టు మెరుస్తోంది. తుడిచినా మళ్లీ వస్తోంది. ఫ్రిజ్‌లో పెట్టిన చెమ్మ అనుకున్నా.

ముక్కుసూటి (5:53)
రెండోసారి అడుగుతున్నా. గిన్నె ఏ లోహం?

కృష్ణలంక నాన్న (5:57)
సిల్వర్ గిన్నె. తొందరగా చల్లబడుతుందని అందులో పోశా.

పదసంపద (5:59)
వెండి గిన్నెలోనా! ఇవాళ్టి ధరకి ఆ ధైర్యం మీకొక్కరికే ఉందండీ.

ముక్కుసూటి (6:01)
వెండి కాదు. మన ఇళ్లలో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియం. అన్నా, చెమ్మ కాదు అది, గాలియమే. గిన్నెను దాటి వచ్చేసింది. గిన్నె పని అయిపోయింది, దాన్ని వదిలేయండి. ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టారు? కింద అరలోనా, పైన ఫ్రీజర్‌లోనా? ఒక తలుపు ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ గోడలు కూడా అల్యూమినియమే, ఆ రేకులోనే గ్యాస్ తిరుగుతుంది. అక్కడ ఒక్క చుక్క పడినా ఫ్రిజ్ కొత్తది కొనుక్కోవాలి.

కృష్ణలంక నాన్న (6:10)
కింద అరలో, గాజు పలక మీద పెట్టా. దేవుడా. ఇప్పుడే గిన్నె అంచు పట్టుకుని ఎత్తితే అప్పడంలా చిట్లింది. నిజంగా అప్పడంలానే, చప్పుడు కూడా లేదు. ఇది మా అత్తగారు పెట్టిన గిన్నె. సింకులో పడేసి నీళ్లు పోస్తే నల్లటి బురదై బుస్సుమని బుడగలు వస్తున్నాయి, వెచ్చగా కూడా ఉంది. ఏంటిది?

ల్యాబ్ అక్క (6:13)
కుళాయి ఆపండి. వంటింటి కిటికీలు తెరవండి, పొయ్యి వెలిగించొద్దు. ఆ బుడగలు హైడ్రోజన్.

విషవాయువేం కాదు, భయపడకండి, నిప్పు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. మామూలుగా అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది. అదే దానికి కవచం, అందుకే రోజూ అందులో అన్నం వండినా ఏమీ కాదు. గీతలు పడ్డ చోట గాలియం ఆ పొర కిందకి దూరి, లోహపు రేణువుల మధ్య సందుల్లో పాకిపోతుంది. గోడలో ఇటుకలు అలాగే ఉండి మధ్యలో సున్నం మొత్తం రాలిపోతే ఎలా ఉంటుందో, అలా. మీరు స్పూన్‌తో గీకారు చూశారా, దానికి దారి మీరే వేశారు. ఆ కవచం మళ్లీ ఏర్పడదు కాబట్టి నీళ్లు తగలగానే అల్యూమినియం నీళ్లతో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. నల్లటి మడ్డి ఎక్కడిదో కూడా ఇప్పుడు అర్థమైందిగా.

ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు పోసి ఆరుబయట మూత పెట్టకుండా ఉంచండి, బుడగలు ఆగేదాకా. సింకు స్టీలుదైతే దానికేం కాదు.

చిప్‌సెట్ (6:20)
అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో 2007లో సరిగ్గా ఇదే చర్యతో కార్లకు హైడ్రోజన్ తయారుచేద్దామన్నారు. అన్న అత్తగారి గిన్నెతో చేసి చూపించాడు.

ఊసుపోక (6:24)
బాత్‌రూమ్ యాసిడ్ కాస్త పోస్తే ఆ మడ్డి అంతా పోయి గాలియం తళతళా మెరుస్తుంది, వీడియోలో చూశా.

ముక్కుసూటి (6:25)
ఆ అల్యూమినియం ముక్కల మీద యాసిడ్ పోస్తే ఇల్లంతా మెరుస్తుంది. పోయొద్దు.

రిటైర్డ్ మాస్టారు (6:40)
చూశారా మెండలీవ్ మహిమ! ఏక-అల్యూమినియం అని పక్కింటి పేరు పెట్టించుకుని ఆ అల్యూమినియాన్నే తినేసింది. మా రోజుల్లో దీన్ని సత్తు గిన్నె అనేవాళ్లం.

పదసంపద (6:47)
మాస్టారూ, క్షమించాలి. సత్తు గిన్నె వేరు, సిల్వర్ గిన్నె వేరు. సత్తు అంటే తగరం. చారు కాచే గిన్నె. ఖాళీగా పొయ్యి మీద పెడితే కరిగి కారిపోతుందని మా అమ్మమ్మ ముందు చింతపండు పులుసు పోసి గానీ పొయ్యి వెలిగించేది కాదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది మరి.

రిటైర్డ్ మాస్టారు (6:55)
మీ అమ్మమ్మగారి మాట నేను కాదనను. మా పల్లెలో సంతకు వెళ్లి సత్తు గిన్నె ఇవ్వమంటే అల్యూమినియం గిన్నే ఇచ్చేవాడు.

ఊసుపోక (6:58)
మా ఇంట్లో జింకుని సత్తు అంటారు.

పదసంపద (7:01)
జింకు తుత్తునాగం. దయచేసి అన్నీ కలపొద్దు.

కృష్ణలంక నాన్న (7:15)
సార్లూ, గిన్నె పేరు ఏదైతేనేం, అది పోయింది. మిగిలిన 7.5 ఎం.ఎల్. పనికొస్తుందా రాదా? అది చెప్పండి ముందు.

ల్యాబ్ అక్క (7:32)
వస్తుంది. కొంచెం అల్యూమినియం కలిసింది కాబట్టి మూడు డిగ్రీలు ముందే కరుగుతుంది, అంతే. గ్లవ్స్ వేసుకుని పాత నూలుగుడ్డలో పోసి మెల్లిగా పిండండి, మడ్డి గుడ్డలోనే ఉండిపోతుంది. గాజు సీసాలో మాత్రం గడ్డకట్టించొద్దు, గట్టిపడేటప్పుడు మూడు శాతం ఉబ్బుతుంది, మంచులాగే. సీసా పగులుతుంది.

తోడు కోసం: ప్లాస్టిక్ మూతలో నాలుగు చుక్కలు వేసి, ఆ మూతను పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా మూత బిగించి ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచండి. మధ్యలో ఒకటి రెండుసార్లు పుల్లతో గీకండి. ఒక్క చుక్క గట్టిపడినా చాలు. పిల్లలు ఆడుకునే క్లేలో స్టీలు స్పూన్ నొక్కి అచ్చు చేసి, మిగతాది అందులో పోసి, ఆ గింజ తగిలించండి. ఏసీ గది చాలు, ఫ్రిజ్ అక్కర్లేదు.

ఎల్లుండి తీసుకెళ్లేటప్పుడు ఐస్ బాక్స్‌లో పెట్టండి. లేకపోతే బెంజ్ సర్కిల్ దాటేలోపే స్పూన్ సంచిలో నీళ్లవుతుంది. ఆ టీ ఎవరూ తాగకుండా చూడండి. పాప గిన్నె కథ కూడా చెప్తే మంచిదని నా అభిప్రాయం, స్పూన్ కంటే అదే గట్టి ప్రయోగం.

చిప్‌సెట్ (7:41)
సెలవులకు విమానంలో వెళ్తే దీన్ని బ్యాగ్‌లో పెట్టుకోకండి. చాలా విమానాల ఒంట్లో ఎక్కువ భాగం అల్యూమినియమే, పట్టుకుంటే లోపలేస్తారు.

ముక్కుసూటి (7:42)
లోపలెయ్యరు. ఎక్కనివ్వరు.

కృష్ణలంక నాన్న (మూడో రోజు, రాత్రి 9:05)
గడ్డకట్టింది. అచ్చులో తోడు తగిలించగానే పాకింది, పాప అరుపులకు పక్కింటివాళ్లు వచ్చారు. క్యాంప్‌లో ఐస్ బాక్స్ తెరిచేసరికి పిల్లలు తలా ఒకసారి పట్టుకుని చూశారు, టీ దాకా రాకముందే తోక వంగిపోయింది. అయినా చప్పట్లు కొట్టారు. అందరికీ థ్యాంక్స్. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

ఊసుపోక (9:20)
అన్నా, ఎంతకి కొన్నావ్? లింక్ పెట్టు.

పదసంపద (9:48)
సత్తు విషయం: ఈ రోజు మా పెద్దమ్మను అడిగాను. ఆవిడ కూడా తగరమే అంది. మాస్టారు ఎక్కడున్నారో?