అమ్మానాన్నలతో, పిల్లలతో పొటోమాక్ నది ఒడ్డున నడవడానికి ఏ ట్రైల్స్ బాగుంటాయి?

ప్రశ్న – స్టెర్లింగ్ నుంచి

అందరికీ నమస్కారం. మేం వర్జీనియాలో స్టెర్లింగ్‌లో ఉంటాం. మా అమ్మానాన్న తాడేపల్లి నుంచి వచ్చి మూడు వారాలైంది. నాన్నకు 68 ఏళ్లు, కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. చదునుగా ఉంటే గంట నడుస్తారు, దిగుడు అంటే భయపడతారు. అమ్మకు నడక బాగా అలవాటే గానీ చీర, చెప్పులు తప్ప ఇంకోటి వేసుకోదు. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. ఇళ్ల మధ్యే తిరిగి తిరిగి అందరికీ విసుగొచ్చింది. షెనండోవా కొండల దాకా వెళ్లి రోజంతా తిరగలేం. అరగంట డ్రైవ్‌లో, నది కనపడేలా తేలికవి రెండు, నేనూ పెద్దవాడూ వెళ్లడానికి కాస్త కష్టమైనది ఒకటి చెప్పగలరా?

ఇంకో సంగతి. నది కనపడితే అమ్మకు దిగి కాళ్లు కడుక్కుని, నెత్తిన నీళ్లు చల్లుకోవాలనిపిస్తుంది. సీతానగరం ఘాట్‌లో ఎన్నో ఏళ్ల అలవాటు. ఇక్కడ అలా దిగొచ్చా?

జవాబు – హెర్న్‌డన్ నుంచి

మీ ఆఖరి ప్రశ్నకే ముందు చెప్తానండీ. పొటోమాక్ మీద జలపాతం ఉన్న గ్రేట్ ఫాల్స్ పార్క్ దగ్గర అమ్మగారిని ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్లలోకి దిగనివ్వకండి. ఈతే కాదు, పాదాలు తడిసేంత దిగడం కూడా అక్కడ నిషేధం. ఆ నిషేధానికి కారణం ఉంది. నది అక్కడ మైలు లోపే 76 అడుగులు పడిపోతుంది. పైన దాదాపు వెయ్యి అడుగుల వెడల్పున పారిన నీరంతా మేథర్ గార్జ్ అనే ఇరుకు లోయలో 60 నుంచి 100 అడుగుల సందులోకి దూరుతుంది. కొన్నిచోట్ల పైకి నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి, లాగేది అడుగు నుంచి. మన ఘాట్‌లో మెట్లుంటాయి, పట్టుకోవడానికి గొలుసులో, పక్కన మనుషులో ఉంటారు. ఇక్కడ ఉండేది పాచి పట్టిన బండ ఒక్కటే.

కానీ అమ్మగారి కోరిక తీరే చోటు లేకపోలేదు. రివర్‌బెండ్ పార్క్‌లో బోట్లు దించే ర్యాంప్ ఉంది. ఇంటి నుంచి ఒక చెంబు తీసుకెళ్లండి. ఆవిడను పొడి నేల మీదే నిలబెట్టి, మీరు అంచున వంగి చెంబు ముంచి ఇవ్వండి. ర్యాంప్‌లో తడిగా ఉన్న భాగం జారుతుంది, అక్కడ అడుగు పెట్టకండి. మా అత్తగారు వచ్చినప్పుడు మేం ఇలాగే చేశాం. ఆవిడ తృప్తిగా దణ్ణం పెట్టుకున్నారు, నాకు టెన్షన్ లేకుండా పోయింది.

ఇక ట్రైల్స్. మొదటి రోజు మీ ఊళ్లోనే ఉన్న ఆల్గాంకియన్ పార్క్‌కి వెళ్లండి. నది పక్కనే చదునైన దారి, చెట్ల నీడ, ఎంట్రీకి డబ్బు కట్టక్కర్లేదు. నాన్నగారు అలసిపోతే ఎక్కడ నుంచైనా వెనక్కి తిరగొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేను మైళ్లు చూడను, వెనక్కి తిరగడం ఎంత తేలికో చూస్తాను. ఆ పాఠం మా మామయ్యగారి వల్ల నేర్చుకున్నాను. ‘ఒకటిన్నర మైలే కదా’ అని ఆయన్ని గ్రేట్ ఫాల్స్‌లో రివర్ ట్రైల్‌కి తీసుకెళ్లాను. సగం దూరం వెళ్లాక బండల మీద చేతులు ఆనించి దిగాల్సిన చోట ఆయనకు కాళ్లు వణికాయి. ముందుకెళ్లినా బండలే, వెనక్కెళ్లినా బండలే. అరగంట కూర్చోబెట్టి, ఒక్కో అడుగూ పట్టుకుని వెనక్కి తెచ్చాం. ఆరోజు ఆయన మొహం నాకింకా గుర్తే.

రెండో రోజు రివర్‌బెండ్. విజిటర్ సెంటర్ నదికి ఎదురుగానే ఉంటుంది. ఒడ్డు వెంబడి దారి మొత్తానికి చదునే గానీ చెట్ల వేళ్లు పైకి తేలి ఉంటాయి, వానపడితే బురద. నాన్నగారికి ఊతకర్ర ఒకటి ఇవ్వండి. ఏప్రిల్ మధ్యలో అయితే ఈ ఒడ్డంతా బ్లూబెల్ పూలతో నీలంగా ఉంటుంది. మళ్లీ వసంతంలో వస్తే తప్పకుండా చూపించండి.

జవాబు – రెస్టన్ నుంచి

అక్క చెప్పిందంతా నిజం. అయినా గ్రేట్ ఫాల్స్‌ని వదులుకోకండి. రివర్ ట్రైల్ వేరు, జలపాతం చూసే వ్యూపాయింట్లు వేరు. అవి మూడున్నాయి. రెండోది, మూడోదానికి వీల్‌చైర్ కూడా వెళ్తుంది, నాన్నగారికి ఏ ఇబ్బందీ ఉండదు. మొదటిదానికి మాత్రం రాళ్ల మీద నడవాలి. దారిలో ఏ ఏడు వరద ఎంత ఎత్తుకొచ్చిందో గుర్తులు పెట్టిన స్తంభం ఉంటుంది, అన్నిటికన్నా పైన 1936. అంత ఎత్తు కొండ అంచున నిలబడి, నీళ్లు ఇక్కడ మన తల మీదుగా పోయాయి అని చెప్తే మా పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

అక్కణ్నుంచే పాత పొటోమాక్ కాలువ వెంట నడవచ్చు. జలపాతాన్ని తప్పించి పడవలు నడపడానికి 1785లో కంపెనీ పెట్టారు, జార్జ్ వాషింగ్టనే దానికి మొదటి ప్రెసిడెంట్. పడవల్ని ఎక్కించి దించే ఇక్కడి లాకులు పూర్తయి కాలువ తెరిచేసరికి 1802 వచ్చింది. ఆయన 1799లోనే పోయారు. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు ఈ రాతి గోడలు చూడగానే పని ఏంటో అర్థమైపోతుంది. మా నాన్న ఇరిగేషన్‌లో పనిచేశారు, జలపాతం కన్నా ఇక్కడే ఎక్కువసేపు ఉన్నారు.

గ్రేట్ ఫాల్స్‌లో ఎంట్రీ కారుకి 20 డాలర్లు, కార్డు తీసుకెళ్లండి. రసీదు పారేయకండి, ఏడు రోజులు చెల్లుతుంది, అవతలి ఒడ్డున మేరీల్యాండ్ వైపు కూడా పనికొస్తుంది. శని, ఆదివారాలు గేటు దగ్గర పెద్ద క్యూ ఉంటుంది. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్లిపోండి. చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి, పులిహోర డబ్బాలతో పాటు ఒక కవర్ పెట్టుకోండి.

ప్రశ్న – స్టెర్లింగ్ నుంచి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మేరీల్యాండ్ వైపు ప్రత్యేకంగా వెళ్లాలా? నాకూ బాబుకీ కష్టమైనది అంటే బిల్లీ గోట్ ట్రైల్ అని ఆఫీసులో చెప్పారు.

జవాబు – బెథెస్డా నుంచి

మేం అవతలి ఒడ్డు వాళ్లం. నది మధ్యలో ఉన్న ఓమ్‌స్టెడ్ ఐలాండ్ కోసం రావాలండీ. మా వైపున్న వేరే కాలువ గట్టు మీద నడిచి, వంతెనలు దాటి, జలపాతం ఎదురుగా తేలతారు. దూరం తక్కువ, దారి చదును. నది ఎదురుగానే కనపడుతున్నా కారులో బెల్ట్‌వే (వాషింగ్టన్ చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు) మీదుగా చుట్టి రావాలి, ఆ టైమ్ లెక్కేసుకోండి.

బిల్లీ గోట్ మూడు ముక్కలు: ఎ, బి, సి. మీ ఆఫీసులో చెప్పింది ఎ అయ్యుంటుంది. దూరం 1.7 మైళ్లే గానీ చాలావరకు బండల మీద పాకడమే, ఒకచోట దాదాపు 50 అడుగుల రాతి గోడ ఏటవాలుగా ఎక్కాలి. తొమ్మిదేళ్ల బాబుతో మొదటిసారే అది వద్దు. సి ముక్కతో మొదలుపెట్టండి. ఎత్తుపల్లాలు, రాళ్లు అక్కడా ఉన్నాయి, కానీ గోడ ఎక్కనక్కర్లేదు. వాడు ఎలా నడుస్తాడో మీకు తెలుస్తుంది.

జవాబు – హెర్న్‌డన్ నుంచి

బాబుకి మీ వైపే ఉన్న స్కాట్స్ రన్ అనే వాగు దారి కూడా బాగుంటుంది. వాగు మధ్యలో సిమెంటు దిమ్మెల మీద అడుగులేస్తూ దాటాలి, చివర నది ఒడ్డున చిన్న జలపాతం. వాన పడ్డాక వెళ్లకండి, దిమ్మెల మీదుగా నీళ్లు పారతాయి. అక్కడా నీళ్లలో దిగకూడదు.

అమ్మగారి చీర గురించి. ఆల్గాంకియన్‌కి, వ్యూపాయింట్లకి చీరతో పర్లేదు. చెప్పులు మాత్రం వద్దు. చీర మీద బూట్లేంటని మా అత్తగారూ అన్నారు. షాపుకి తీసుకెళ్లి ఆవిడనే మెత్తటివి ఎంచుకోమన్నాను, తర్వాత ఇండియాకీ అవే తీసుకెళ్లారు.

ఇంకొకటి, ఇది మర్చిపోవద్దు. ఇక్కడ గడ్డిలో పిడుదులుంటాయి, మన దగ్గర గొడ్లకు పట్టేలాంటివే. కొన్నిటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. దారి మధ్యలోనే నడవండి, ఇంటికి రాగానే పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకండి. అంటుకుని ఉంటే ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టుకుని తిన్నగా లాగెయ్యాలి. మన వాళ్లు కిరసనాయిలు రాయమంటారు, రాయకండి. మూడేసి ఆకుల తీగ కనపడితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, పాయిజన్ ఐవీ కావచ్చు.

స్టెర్లింగ్ నుంచి

ఆదివారం పొద్దున్నే రివర్‌బెండ్ వెళ్లొచ్చాం. నాన్న కర్రతో నలభై నిమిషాలు నడిచి, ఆయనే ‘ఇక తిరుగుదాం’ అన్నారు. చెంబు పట్టుకెళ్లాం అక్కా. అమ్మ నీళ్లు చల్లుకుని, మిగిలినవి పిల్లల నెత్తిన కూడా చల్లింది. వచ్చే వారం గ్రేట్ ఫాల్స్‌కి ఎనిమిదిన్నరకల్లా ఉంటాం, రెస్టన్ అన్నా, మీ నాన్నగారు కూడా వస్తే లాకుల దగ్గర కలుద్దాం.