బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు చాలా, మూడు పెట్టించాలా?

గుంటూరు_కొత్తిల్లు:
నమస్కారం అండీ. గుంటూరు దగ్గర 150 గజాల్లో ఇల్లు కడుతున్నాం. వచ్చే వారం వడ్రంగికి ద్వారబంధాల కొలతలు ఇవ్వాలి. మేస్త్రీ చెప్పినవి ఇవి: సింహద్వారం మూడున్నర అడుగులు, బెడ్‌రూములు మూడు, బాత్రూములు రెండున్నర, ఎత్తు అన్నిటికీ ఏడు. "అందరూ ఇంతే పెడతారు" అంటున్నాడు. అమ్మానాన్న మాతోనే ఉంటారు. నాన్నకు మోకాళ్ల ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తున్నారు. వాళ్ల గదిలోని బాత్రూమ్‌కి మూడడుగులు పెట్టిద్దామని నా ఆలోచన. మేస్త్రీ, మామయ్య ఇద్దరూ వద్దంటున్నారు. బాత్రూమ్ ఐదు బై ఏడు, తలుపు ఐదడుగుల గోడకు వస్తుంది. మీరేమంటారు?

ఓరుగల్లు_వాసి:
మేస్త్రీ మాటే కరెక్ట్ అన్నా. ఐదు బై ఏడు బాత్రూమ్‌లో మూడడుగుల తలుపు లోపలికి తెరిస్తే సగం జాగా దానికే పోతది. కమోడ్ ముందు నిలబడటానికి కూడా ఉండదు. బయటికి తెరిస్తే బెడ్‌రూములో మంచానికో వార్డ్‌రోబ్‌కో తగుల్తది. చిన్న గదిలో ఆరంగుళాల గోడ పోవడం అంటే చిన్న విషయం కాదు. ఇంకోటి, దర్వాజ ఎత్తు వెడల్పుకు రెండింతలు ఉండాలని మా పెద్దలు చెప్తారు. అన్ని దర్వాజలూ పెద్దవి చేసుకుంటూ పోతే సింహద్వారానికి ఉన్న విలువ ఏముంటది?

సైట్_ఇంజనీర్_కరీంనగర్:
ముందు కొలత సంగతి తేల్చుకుందాం. మేస్త్రీ "రెండున్నర" అంటే అది ద్వారబంధం బయటి కొలత. మనిషి నడిచే దారి కాదు. నాలుగు బై రెండున్నర అంగుళాల చెక్కతో ఫ్రేమ్ చేయిస్తే అటు రెండున్నర, ఇటు రెండున్నర, మొత్తం 5 అంగుళాలు చెక్కకే పోతాయి. 30లో 5 తీస్తే 25. తలుపు తొంభై డిగ్రీల దగ్గరే ఆగిపోయే చోట రెక్క మందం కూడా దారిలోకి వస్తుంది, ఇంకో ముప్పావు అంగుళం పోయింది. చివరికి మిగిలేది 24 పైచిలుకు.

పద్దెనిమిది అంగుళాల సీటు ఉన్న మామూలు వీల్‌చైర్ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలు ఉంటుంది. పైగా చక్రం తిప్పే చేతులకు అటూ ఇటూ చోటు కావాలి. అంటే రెండున్నర అడుగుల ఫ్రేమ్‌లోంచి అది పోనే పోదు. వాకర్ వెడల్పు కూడా దాదాపు రెండడుగులు. మీ నాన్నగారు ఆ తలుపు దగ్గర ప్రతిసారీ వాకర్‌ను పక్కకు తిప్పాలి, ఒక చేత్తో గోడ పట్టుకోవాలి. తడి నేల దగ్గర పట్టు తప్పేది అక్కడే.

మూడడుగుల ఫ్రేమ్ అయితే 36లో 5 పోయి 31 అంగుళాలు. రెక్క మందం తీసినా 30 ఉంటుంది. రెక్క అంచులు ఫ్రేమ్ గాడిలో కూర్చోవాలి కాబట్టి రెక్క 32 అంగుళాలు కావాలి, ఆ సైజు రెడీమేడ్‌గా దొరుకుతుంది. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) ఫ్రేమ్ తీసుకున్నా మందం అంతే అయితే లెక్క ఇదే.

రెండింతల మాట సింహద్వారానికి చెప్పుకునేది. మూడున్నర బై ఏడు దానికి సరిపోతుంది. లోపలి తలుపులకు అదే పట్టుకుంటే రెండున్నర వెడల్పుకు ఐదడుగుల ఎత్తు పెట్టాలి. అలా ఎవరూ పెట్టరు కదా.

ఓరుగల్లు_వాసి:
లెక్క బాగానే ఉంది సార్. కానీ 2021లో దివ్యాంగులకు అనువుగా కట్టడాలు ఎలా ఉండాలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో తలుపు దారి 900 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది, అంటే ముప్పై ఐదున్నర అంగుళాలు. మీ మూడడుగుల ఫ్రేమ్ కూడా దానికి చాలదు. ఎట్లాగూ చాలనప్పుడు ఉన్న గోడ ఎందుకు పోగొట్టుకోవాలి? మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు కొన్ని నెలల్లో మామూలుగా నడుస్తారు కూడా. ఆ కొన్ని నెలల కోసం ఇల్లంతా మార్చాలా?

టేకు_పనివాడు:
మా ఇంట్లో రెండు తరాలుగా ఇదే పని. ఖర్చు గురించి చెప్తాను, ఎందుకంటే మేస్త్రీలు ముందు దాన్నే చూపించి భయపెడతారు. నాలుగు బై రెండున్నర చెక్క, వెడల్పు ఆరంగుళాలు పెరిగితే పైన ఆరంగుళాలు, గడప ఉంటే కింద ఇంకో ఆరంగుళాలు. రెండూ కలిపినా ఘనపుటడుగులో 0.07 వంతు. టేకు ఘనపుటడుగు 4,000 అనుకున్నా 280 రూపాయలు. రెక్క మూడున్నర చదరపు అడుగులు పెరుగుతుంది, ఫ్లష్ డోర్ చదరపు అడుగు 150 అనుకుంటే ఐదొందల పైన. మొత్తం వెయ్యి దాటదు. అదే గోడ లేచి టైల్స్ పడ్డాక ఫ్రేమ్ పీకాలంటే లింటెల్ (తలుపు పైన గోడను మోసే దూలం) దగ్గర్నుంచి పగలగొట్టాలి.

ఇంకో మాట. పెద్దవాళ్ల బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకోకూడదు. లోపల జారి తలుపుకు అడ్డంగా పడితే బయటినుంచి తోయడానికి వీలుండదు. బయటికి తెరుచుకునేలా బందులు వేయించండి, గడియ బయటినుంచి కూడా తీయగలిగే రకం పెట్టించండి. చెక్క గడప అసలు వద్దు. నీళ్లు ఆగడానికి అరంగుళం గ్రానైట్ పట్టీ చాలు, అంచు వాలుగా అరగదీయించండి. తలుపు ఎంత వెడల్పుగా ఉన్నా రెండంగుళాల గడప ఉంటే వాకర్ అక్కడే ఆగిపోతుంది.

డాలస్_నుంచి:
ఇక్కడ పాత ఇళ్లలో బాత్రూమ్ తలుపులు 24, 28 అంగుళాలే ఉంటాయి, పెద్దవాళ్లు వచ్చినప్పుడు ఇదే అవస్థ. కాకపోతే ఇక్కడ తలుపు సైజు అంటే రెక్క వెడల్పు, మన దగ్గర ఫ్రేమ్ బయటి కొలత. అమెరికా ఫొటో చూసి "వాళ్లకీ ముప్పైయే" అనుకోవద్దు. పబ్లిక్ భవనాల్లో ఇక్కడి చట్టం అడిగే దారి కనీసం 32 అంగుళాలు.

సైట్_ఇంజనీర్_కరీంనగర్:
ఓరుగల్లు గారూ, 900 మిల్లీమీటర్లు ఎలాంటి కుర్చీతో ఎవరొస్తారో తెలియని భవనాలకు. ఇంట్లో మనకు తెలిసిన ఒక మనిషి, ఒక కుర్చీ. దానికి 30 చాలు. కొన్ని నెలల సంగతంటారా, గుంటూరు గారూ, ఈ ఇంట్లో మీ నాన్నగారి తర్వాత మీరూ ముసలివాళ్లవుతారు.

అయితే ఒక షరతు. మంచం వైపునుంచి బాత్రూమ్‌కి ఎదురుగా వెళ్లగలిగితేనే ఈ 30 పనిచేస్తుంది. మూడడుగుల ఇరుకు దారిలో పక్కకు తిరిగి దూరాలంటే మూడున్నర అడుగుల పొడవున్న కుర్చీ తిరగదు. కాబట్టి మంచం ఎక్కడ వస్తుందో ముందు నేలమీద సుద్దతో గీసి చూడండి.

ఓరుగల్లు_వాసి:
పెద్దవాళ్ల గది వరకు ఒప్పుకుంటా. బయటికి తెరిచే మాట కూడా మంచిదే. కానీ కామన్ బాత్రూమ్‌కి, పిల్లల గదికి మాత్రం రెండున్నరే పెట్టమంటా. అక్కడ గోడ ముఖ్యం.

గుంటూరు_కొత్తిల్లు:
అందరికీ థాంక్స్ అండీ. నాన్న వాకర్‌ను టేపుతో కొలిచాను, 23 అంగుళాలు ఉంది. వాళ్ల బాత్రూమ్‌కి మూడడుగులు, బయటికి తెరిచేలా, గడప లేకుండా అని వడ్రంగికి రాసిచ్చాను. బందుల వైపు నాలుగంగుళాలు వదిలితే అవతల 20 అంగుళాల గోడ మిగులుతోంది, అక్కడ పట్టుకునే స్టీల్ కడ్డీ వేయిస్తున్నాం. వార్డ్‌రోబ్ కిటికీ వైపు జరిపాం. పిల్లల బాత్రూమ్ రెండున్నరే ఉంచాను. కామన్ బాత్రూమ్ మాత్రం మెట్ల కింద ఉంది, అక్కడ లింటెల్ ఇప్పటికే వేసేశారు. కింద గోడ కొంచెం కోసి ముప్పై మూడు అంగుళాల ఫ్రేమ్ పట్టించవచ్చా? లింటెల్ రెండు వైపులా గోడమీద ఆరంగుళాలే కూర్చుంది.