అష్టాంశంలో 10ని ‘పది’ అని చదవొచ్చా?

మా అబ్బాయికి అష్టాంశ కూడికలు (0 నుంచి 7 వరకు అంకెలతోనే, పదులకు బదులు ఎనిమిదులతో చేసే లెక్క) చెబుతున్నాను. 7కి 1 కలిపి 10 అని రాయగానే, “ఏడూ ఒకటీ ఎనిమిది కదా, పది ఎలా అవుతుంది?” అని పెన్సిల్ పక్కన పెట్టేశాడు. ఆ 10ని తెలుగులో ఏమని చదవాలి?

— మీవాడి సందేహం న్యాయమైనదండీ. అక్కడున్నవి ఎనిమిదే. ‘ఒకటి సున్నా’ అని విడివిడిగా చదవండి. ‘పది’ అనేది ఆ రెండు అంకెల పేరు కాదు, ఒక పరిమాణం పేరు. పైగా మన సంఖ్యల పేర్లలోనే పది దాగి ఉంది: ఇరువది ఇరవై అయింది, ముప్పది ముప్పై అయింది. అష్టాంశంలో 25ని ‘ఇరవై ఐదు’ అన్నారంటే రెండు పదులు అన్నట్టే. నిజానికి ఉన్నవి రెండు ఎనిమిదులూ ఐదూ, అంటే ఇరవై ఒకటి. యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో, ఫైల్‌ని ఎవరు ఎలా వాడొచ్చో చెప్పే పర్మిషన్ సంఖ్య 755 కూడా అష్టాంశమే. దాన్నీ ‘ఏడు ఐదు ఐదు’ అనే చదువుతారు.

నేనైతే ముందు ‘పదుల స్థానం’ అనే మాట మానేసి ‘ఎనిమిదుల స్థానం’ అంటాను. దాని ఎడమ పక్కది అరవై నాలుగుల స్థానం. ఈ ఒక్క మాట మారితే లెక్క సగం దారిలో పడుతుంది. 25, 36 కూడండి. ఐదూ ఆరూ పదకొండు. అందులో ఒక ఎనిమిది పోతే మూడు. మూడు వేసి ఒకటి చేతిలో పెట్టుకోవాలి. రెండూ మూడూ ఐదు, చేతిలో ఒకటితో ఆరు. జవాబు 63. నోటితో ‘పదకొండు’ అనడంలో తప్పేం లేదు, అది పరిమాణం. కాగితం మీద మాత్రం అది 13.

ఎక్కాలూ అంతే. ఏడేళ్లు నలభై తొమ్మిదే, ఆరు ఎనిమిదులూ ఒకటీ కాబట్టి 61 అని రాస్తాం.

— ‘అష్టాంశ’ అంటే ఎనిమిదో వంతు కదా? ‘అష్టమానం’ మేలేమో.

— అర్థం చూస్తే మీ మాటే నయం. కానీ ‘దశాంశ’ కూడా పదో వంతే, దానికి అలవాటు పడిపోయాం. పిల్లల దగ్గర నేను ‘ఎనిమిదుల లెక్క’ అంటాను.

— ‘ఎనిమిదుల స్థానం’ అని చెప్పి చూశానండీ. 42లోంచి 15 తీసేయమంటే, రెండులోంచి ఐదు పోదని పక్కనుంచి అప్పు తెచ్చాడు. “పది కాదు, ఎనిమిదే వస్తుంది” అని తనే అనుకుని 25 వేశాడు.