కొబ్బరిచెట్టు వంచేసిన ఆర్‌ఎక్స్ 100: తోక కోసేయాలా, సాపు చేయించాలా?

కవిటి_92 · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. నాన్న 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఉంది, ఏపీ 30 నంబరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పశువులశాల కూలింది. దాని మీద కొబ్బరిచెట్టు పడింది. బండి ఆ కిందే ఉంది. అప్పట్నుంచీ టార్పాలిన్ కప్పి వదిలేశాం. నాన్న పోయి మూడేళ్లు. ఇప్పుడు దాన్ని నా చేతుల్తో నేనే బాగుచేయాలని పట్టుదల వచ్చింది. ఇంతవరకూ నేను బండికి చేసిన రిపేరు అంటే ప్లగ్గు విప్పి గుడ్డతో తుడవడమే, అది ముందే చెప్పేస్తున్నాను.

కిక్కరు కిందికి దిగడం లేదు. ట్యాంకు ఊపితే తుప్పు పెచ్చులు గలగలమంటున్నాయి. వెనక మడ్‌గార్డు అప్పడంలా అయిపోయింది, సీటు కింద వెనక్కి వెళ్లే గొట్టాలు ఎడమవైపుకి వంగిపోయాయి.

నా ఆలోచన ఏంటంటే, ఎలాగూ వంగింది కాబట్టి ఆ వెనక భాగం కోసేసి, కొత్త గొట్టం వంచి అతికించి, ఒక్కడు కూర్చునే సీటు, కిందికి ఉండే హ్యాండిల్ పెట్టి నలుపు మ్యాట్ రంగు వేయిద్దామని. చేతిలో 60 వేలు ఉన్నాయి. కోయించాలా, సాపు చేయించాలా?

పాతమేస్త్రీ_విజయనగరం · రాత్రి 10:05

కొయ్యకు. అంతే.

బొబ్బిలి_బెంగళూరు · రాత్రి 10:11

కోసెయ్ తమ్ముడూ. నేను నా బండికి అదే చేశాను. వంద కిలోల బండి, 98 సీసీ, 11 గుర్రాల శక్తి. వెనక బరువు తగ్గితే గాల్లో పోతుంది. వంగిన గొట్టాన్ని మళ్లీ సాపు చేసినా ఇనుము బలం పోయినట్టే.

పలాస_జీడిపప్పు · రాత్రి 10:20

60 వేలా! నాకమ్మేయ్, 40 ఇస్తా.

పాతమేస్త్రీ_విజయనగరం · రాత్రి 10:48

బాబూ కవిటీ, కోతా గీతా తర్వాత. ముందు ఒకటి చెప్పు. షాకబ్జార్లు పైన బిగించే చోటు ఉంటుంది చూడు, వంపు దానికి ముందుందా, వెనకుందా? ముందైతే రెండు చక్రాలూ ఒకే గీత మీద నడవవు, చాసిస్ జిగ్ మీదకి, అంటే ఫ్రేముని బిగించి వంపు సరిచేసే చట్రం మీదకి, ఎక్కాల్సిందే. వెనకైతే మామూలు దెబ్బ. చూసి చెప్పు.

ఇంకోటి. కిక్కరు దిగడం లేదని దాని మీద ఎక్కి గెంతకు, లోపల పళ్లు పోతాయి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలూ, టూటీ ఆయిలూ (టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి వాడే ఆయిల్) కలిపి పోసి వారం వదిలెయ్. అప్పటికీ కదలకపోతే హెడ్డు విప్పు. మ్యాగ్నెట్‌ని సుత్తితో కొట్టి ఊడదీయాలని చూడకు, దాన్ని లాగి ఊడదీయడానికి పుల్లర్ అని పనిముట్టు ఉంటుంది.

ఆమదాలవలస_మేష్టారు · ఆదివారం ఉదయం 6:02

ట్యాంకు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బజారు యాసిడ్ జోలికి పోకు నాయనా, రేకు తినేస్తుంది. ఇంట్లో ఇత్తడి చెంబు దేనితో తోముతారు? చింతపండుతో. అందులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. కిలో పాత చింతపండు వేడినీళ్లలో పిసికి, పిప్పి లేకుండా వడకట్టి ట్యాంకు నిండా పోసి, రెండు రోజులు ఉంచు. గుప్పెడు నట్లు వేసి ఊపు. తుప్పు దానంతటదే వస్తుంది.

బొబ్బిలి_బెంగళూరు · ఉదయం 9:30

మేష్టారూ, వెనిగర్ ఉండగా చింతపండు ఎందుకండీ, రసం పెట్టుకోవడానికా?

ఆమదాలవలస_మేష్టారు · ఉదయం 9:34

వెనిగర్‌లో ఉన్నది ఎసిటిక్ ఆమ్లం. అదీ పని చేస్తుంది. కానీ చింతపండు ఇంట్లో ఉంటుంది. నవ్వితే నవ్వండి.

టెక్కలి_స్కూటీ · ఉదయం 10:15

ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? మీ నాన్నగారి పేరు మీదే ఉండాలి. మా నాన్న స్కూటర్‌కి నేను తిరిగాను కాబట్టి చెబుతున్నాను. ఓనరు పోతే ఫారం 31 పెట్టి పేరు మార్చుకోవాలి, దానికి గడువు మూడు నెలలే, మీకు ఎప్పుడో దాటింది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి అయిపోతుంది, అంటే 2007లో. తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. చివరిసారి ఎప్పుడు చేయించారు? ఇవేవీ లేకుండా లక్ష పెట్టి రంగులు వేయించినా బండి ఇంటి అరుగు దాటదు.

ఇంకో చిన్న అనుమానం. ఒక్కడు కూర్చునే సీటు అన్నారు. మీ అమ్మగారు ఈ బండి ఎక్కేవారా?

కవిటి_92 · ఉదయం 11:02

2007లో ఒకసారి చేయించారు, 2012 తర్వాత లేదు. థాంక్స్ అక్కా. ప్లగ్గు రంధ్రంలో ఆయిల్ పోశాను మేస్త్రీ గారూ.

బొబ్బిలి_బెంగళూరు · ఉదయం 11:40

కాగితాలు చూపించి భయపెట్టకండి. రోడ్డు మీద ఎన్ని కోసిన బండ్లు తిరగడం లేదు?

టెక్కలి_స్కూటీ · మధ్యాహ్నం 12:10

తిరిగితే చట్టం మారిపోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చి ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో సెక్షన్ 182ఎ చేరింది. మార్పుకి 5 వేలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రంగు మార్చుకోవచ్చు, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కానీ ఆర్‌సీలో సీట్లు రెండు అని ఉంటుంది. మీరు ఒకటి చేస్తున్నారు.

రాజాం_రైడర్ · మధ్యాహ్నం 12:15

నల్ల మ్యాట్ మాత్రం వద్దు బ్రో, మన ఎండకి ఏడాదిలో బూడిద రంగు అవుతుంది.

పాతమేస్త్రీ_విజయనగరం · మధ్యాహ్నం 2:20

షాకబ్జారు సంగతి అడిగాను, జవాబు రాలేదు.

బొబ్బిలి_బెంగళూరు · మధ్యాహ్నం 2:41

మేస్త్రీ గారూ, ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటి? మీరు ముందే కొయ్యకు అని తీర్పు ఇచ్చేశారు కదా. అసలు విషయం మాట్లాడుకుందాం. 2021లో మన వైపే ఒక షెడ్డులో నా ఆర్‌ఎక్స్ ఇచ్చాను, పేరెందుకు. రెండు నెలలన్నది ఎనిమిది నెలలైంది. అడిగినప్పుడల్లా లేత్ షాపులో ఉంది, పండగ వచ్చింది, కుర్రాడు రాలేదు. చివరికి బండి వచ్చింది. పైన తళతళ. ఇంటికెళ్లి చూస్తే అసలు మికుని కార్బరేటర్ మాయం, దాని చోట డూప్లికేట్. అడిగితే 'నీ బండికి వచ్చింది అదే' అన్నాడు. ఫోటో కూడా తీసుకోలేదు నేను. ఆ రోజు నుంచీ నా బండి నేనే విప్పుకుంటాను, నేనే కోసుకుంటాను. తమ్ముడికీ అదే చెబుతాను. ఎవరి చేతికీ ఇవ్వకు, వీడియోలు చూసి చేసుకో.

పాతమేస్త్రీ_విజయనగరం · మధ్యాహ్నం 3:30

ఒకడు దొంగైతే అందరూ దొంగలేటి? సరే, నా బాధా విను. పోయిన వేసవిలో ఒక కుర్రాడు బండిని గోనెసంచిలో తెచ్చాడు. నిజంగానే గోనెసంచి. వీడియో చూసి విప్పాడు, బిగించడం రాలేదు. ఏ బోల్టు ఎక్కడిదో దేవుడికే తెలియాలి. రెండు సర్క్లిప్‌లు (లోపలి భాగాలు జారకుండా పట్టే రింగులు) లేవు, ఆయిల్ పంపు వైరు తెగింది. పదకొండు రోజులు కూర్చున్నాను. లేబరు 4 వేలు అన్నాను. 'ఇంతా?' అన్నాడు. వాడే పెయింటుకి 22 వేలు ఇచ్చాడు, సీటు కుట్టినవాడికి 5 వేలు ఇచ్చాడు. పైకి కనిపించేదానికి బేరం లేదు. లోపల ఇంజిన్ కూర్చోబెట్టినవాడికి మాత్రం బేరం.

మీ వీడియోలో ఇరవై నిమిషాల్లో బండి తయారైపోతుంది. ఆయిల్ సీళ్లు ఎండిపోతే గాలి లాగి పిస్టన్ పట్టేస్తుందని చెబుతాడా అందులో? బండి నాలుగు రోజులు బానే నడిచి ఐదో రోజు రోడ్డు మధ్యలో పట్టేస్తుంది.

బొబ్బిలి_బెంగళూరు · మధ్యాహ్నం 3:52

చెబుతాడండీ! వీడియోలో అదీ చెబుతారు. చెప్పనిది మీరే. నాకు పదహారేళ్లప్పుడు బొబ్బిలిలో ఒక షెడ్డులో రెండు వేసవులు నిలబడ్డాను, జీతం లేకుండా. పానా తే, టీ తే, ఆ బండి తుడు. ఇంజిన్ విప్పే టైముకి నన్ను బజారుకి పంపేవారు, లేకపోతే వీపు ఇటు తిప్పి కూర్చునేవారు. పాయింట్ సెట్ (ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే స్విచ్చు) ఎలా పెట్టాలో ఒక్కసారి చూపించి ఉంటే నాకు ఏ వీడియో అక్కర్లేదు. మీరు దాచుకున్నారు, మేం వేరే చోట నేర్చుకున్నాం. ఇప్పుడు మాకు విలువ ఇవ్వరంటే ఎలా?

పలాస_జీడిపప్పు · మధ్యాహ్నం 3:55

ఓలమ్మో.

ఆమదాలవలస_మేష్టారు · సాయంత్రం 4:10

ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. కవిటీ, ట్యాంకు కడిగాక బేకింగ్ సోడా నీళ్లతో ఒకసారి తిప్పాలి, లేకపోతే లోపల ఆమ్లం మిగిలి రాత్రికి రాత్రే మళ్లీ ఎర్రబడుతుంది. బాగా ఆరబెట్టి, కొంచెం టూటీ ఆయిల్ పోసి గోడలకి పట్టించు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది తేమని పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ వాషర్లు కూడా మార్చేయ్.

పాతమేస్త్రీ_విజయనగరం · రాత్రి 9:15

బొబ్బిలి బాబు రాసింది మధ్యాహ్నం నుంచీ నాలుగుసార్లు చదివాను.

నిజమే, వీపు తిప్పేవాళ్లం. మా గురువూ తిప్పాడు. తొమ్మిదేళ్లు పానాలు తుడిచాక గానీ నా చేతికి ఫీలర్ గేజి, అదే సందు కొలిచే రేకులు, ఇవ్వలేదు. పని నేర్పితే ఎదురుగా ఇంకో షెడ్డు పెడతాడని భయం. ఆ భయంతోనే నేనూ ముగ్గురు కుర్రాళ్లకి సగం సగం నేర్పాను. ఒకడు షోరూముకి పోయాడు, ఒకడు డెలివరీ బాయ్, ఒకడు హైదరాబాదులో ఏం చేస్తున్నాడో తెలియదు. ఇప్పుడు నాకు అరవై రెండు. షెడ్డులో నేనూ రేడియో.

ఇంక కొయ్యకు అని ఎందుకన్నానో. 1990ల్లో పైడితల్లమ్మ పండగ వస్తోందంటే కుర్రాళ్లు వరస కట్టేవాళ్లు, సైలెన్సర్ లోపలి జాలీ తీసెయ్ మేస్త్రీ, మడ్‌గార్డు పొట్టి చెయ్ మేస్త్రీ అని. అన్నీ నేనే కోశాను. ఆ మడ్‌గార్డులే ఇప్పుడు కంపెనీవి కావాలని తిరుగుతున్నారు, దొరకవు. ఆ రోజుల్లోనే ఒకడికి సీటు గొట్టం కోసి అతికాను. షాకబ్జారుకి ముందు కోశాను, నాకు అప్పుడు తెలియదు. రామభద్రపురం దాటాక అతుకు ఊడిపోయింది. భుజం ఎముక విరిగింది, బతికాడు. వాడు ఇప్పటికీ మావయ్యా అనే పిలుస్తాడు. నేనే ఎదురుపడలేను. అందుకే ముందా వెనకా అని పదేపదే అడుగుతున్నాను. అది మొండితనం కాదు బాబూ.

బొబ్బిలి_బెంగళూరు · రాత్రి 9:50

ఇది మొదటే రాస్తే సరిపోయేది కదండీ.

నా కోత షాకబ్జారుకి వెనకే ఉంది. ఇప్పుడే కిందికి వెళ్లి టార్చి వేసి చూసొచ్చాను.

కవిటి_92 · సోమవారం సాయంత్రం 6:30

క్షమించాలి, నిన్న జీడితోటలో పని. ఈ రోజు సీటు విప్పి చూశాను. వంపు షాకబ్జారు బిగించే చోటుకి వెనకే ఉంది, నాలుగు వేళ్ల దూరం. రెండు చక్రాలకీ తాడు కట్టి చూశాను, తాడు నాలుగు చోట్లా తగిలింది, అంటే చక్రాలు ఒకే గీత మీదే ఉన్నాయి. ఇంకో విషయం, కిక్కరు ఈ ఉదయం అర అంగుళం కదిలింది!

అక్కా, మీరు అడిగింది అమ్మని అడిగాను. తుపానుకి ముందు ప్రతి బుధవారం ఈ బండి మీదే సంతకి వెళ్లేవారట ఇద్దరూ. 'ఒక్కడి సీటు వేయిస్తే నన్ను ఆటోలో పంపిస్తావా' అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

కోయించడం లేదు. గొట్టం వేడిచేసి సాపు చేయించి, కంపెనీ సీటు లాంటిదే పొడుగు సీటు వేయిస్తాను. హ్యాండిల్ మాత్రం కొంచెం మార్చుకుంటానేమో, చూడాలి.

రాజాం_రైడర్ · సాయంత్రం 6:41

రంగు?

కవిటి_92 · సాయంత్రం 6:44

ఎరుపు. నాన్నది ఎరుపే.

పాతమేస్త్రీ_విజయనగరం · రాత్రి 8:05

రంగు వేసే ముందు హ్యాండిల్ దగ్గర చాసిస్ నంబరు మీద టేపు అంటించు. బ్లాస్టింగ్‌లో గానీ పౌడర్ కోటింగ్‌లో గానీ ఆ అంకెలు పూడిపోతే ఆర్‌టీఓ ఆఫీసులో పెన్సిల్ రుద్దినా కనిపించవు, అప్పుడు చూడు నీ తిరుగుడు. విప్పే ప్రతి బోల్టుకీ ఫోటో తియ్యి, చిన్న కవర్లో వేసి పేరు రాయి. గోనెసంచి వద్దు.

ఇంజిన్ విప్పేరోజు విజయనగరం పట్టుకొచ్చెయ్. గంటస్తంభం దగ్గర ఎవర్ని అడిగినా పాత ఆర్‌ఎక్స్ మేస్త్రీ అంటే చెబుతారు. పక్కన కూర్చో, పాయింట్ గ్యాపు నీ చేత్తోనే పెట్టిస్తాను. లేబరు మాత్రం బేరమాడకు.

బొబ్బిలి_బెంగళూరు · రాత్రి 8:20

నేను సంక్రాంతికి వస్తాను. నాకూ చూపిస్తారా?

పాతమేస్త్రీ_విజయనగరం · రాత్రి 8:58

టీ నువ్వే తేవాలి.

ఆమదాలవలస_మేష్టారు · మంగళవారం ఉదయం 5:50

కవిటీ, చింతపండు ఎంత పోశావో చెప్పలేదు.

కవిటి_92 · ఉదయం 7:12

కిలో కాదు మేష్టారూ, మూడు పావులే పోశాను. అమ్మ మిగతాది పులుసుకి దాచేసింది.