రంగు వేస్తే బొమ్మ మీది గీతలు పూడిపోతున్నాయి

ప్రశ్న:
బల్లపై ఆడే ఆట కోసం 28 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మాంత్రికుడి బొమ్మకు నల్లని ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత) కొట్టి, దానిపై అక్రిలిక్ రంగులను సీసాలోంచి తీసినవి తీసినట్టే వేశాను. గడ్డంలోని గీతలు పూడిపోయాయి. అంగీకి పసుపు మూడు పూతలు వేసినా మురికిగానే కనిపిస్తోంది. పొరపాటు ఎక్కడ జరిగింది?

మొదటి జవాబు:
రంగు చిక్కగా ఉండటమే కారణం. కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ పాల చిక్కదనానికి తెచ్చి, కుంచెను కాగితానికి అద్ది, ఒక పూత పూర్తిగా ఆరిన తరువాతే మరొకటి వేయండి. పసుపుకు కప్పే గుణం తక్కువ కనుక నలుపుపై నేరుగా నిలవదు. ముందు తెలుపో లేత గోధుమ రంగో వేసుకోవాలి.

రెండవ జవాబు:
గడ్డానికి వాష్, అంటే నీళ్లలా పలుచని ముదురు రంగు, పూస్తే అది పల్లాల్లోకి దిగి నీడలవుతుంది. ఆరాక, దాదాపు పొడిగా తుడిచిన కుంచెతో లేత రంగును పైపైన తాకిస్తే వెంట్రుకలు విడివిడిగా తేలుతాయి. కళ్లను మాత్రం నేను ముందే వేసేసి, అంచులను చర్మపు రంగుతో సరిదిద్దుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
వేసిన రంగును తొలగించవచ్చా?

మొదటి జవాబు:
ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. అసిటోన్ జోలికి వెళ్లకండి, బొమ్మే కరిగిపోతుంది.